బుద్ధిమంతుడు, సిగ్గరి, మొండోడు: పిల్లల్లో ఆత్మగౌరవం తగ్గితే మనం పెట్టే పేర్లు

క్లుప్తంగా

పిల్లలకి తమ మీద తమకున్న విలువ పడిపోతే ఆ సంగతి వాళ్ళ నోటి నుంచి రాదు. బుద్ధిగానో, సిగ్గుగానో, మొండిగానో బయటికి కనిపిస్తది, అందుకే ఇంట్లో గానీ స్కూల్లో గానీ చాలాకాలం ఎవరూ పట్టుకోలేరు. ఆ విలువ ముఖ్యంగా రెండు వైపుల నుంచి వస్తది, ఒకటి దగ్గరోళ్ళు తనని ఎంత పట్టించుకుంటున్నారు, రెండు తనకి ముఖ్యమనిపించిన పనిలో తను ఎంతవరకు చేయగలుగుతున్నాడు. ఉత్తి పొగడ్త ఈ రెండిట్లో దేన్నీ మార్చలేదు, ఒక్కోసారి ఇంకా దెబ్బ తీస్తది కూడా. శ్రీకాకుళం, విజయనగరం వైపు యాస, వలస, మార్కుల ఫ్లెక్సీలు ఇందులోకి ఎలా వస్తాయి, ఏది పనిచేస్తది అన్నది ఇక్కడ చూద్దాం.

"మీ బాబుకి కాన్ఫిడెన్స్ లేదండి"

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా గవర్నమెంటు స్కూళ్ళలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ప్రైవేటు స్కూళ్ళలో అయితే ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక టీచర్లు తరచుగా అనే మాట ఒకటుంది, "పిల్లాడు మంచోడే గానీ కాన్ఫిడెన్స్ లేదండి" అని. అది విన్న తల్లిదండ్రులకి ఇంటికెళ్ళేదాకా అదే ఆలోచన. ఇంతకీ లేనిదేంటి, దాన్నెక్కడ తెస్తారు, ట్యూషన్ మార్చాలా, స్పోకెన్ ఇంగ్లీషులో వెయ్యాలా, కరాటేకి పంపాలా. చాలామంది మొదట చేసే పని ఇంకో క్లాసులో జాయిన్ చేయడమే, అక్కడ ఇంకో ఇరవైమంది పిల్లలు, ఇంకో పోలిక, పిల్లాడు ఇంకాస్త ముడుచుకుపోతాడు.

అసలు గందరగోళం మాట దగ్గరే మొదలవుతుంది. ఆత్మగౌరవం అనగానే మనకి రాజకీయ సభలు గుర్తొస్తాయి, తలవంచకపోవడం, మాట పడకపోవడం, తెలుగోడి పౌరుషం. పిల్లల విషయంలో చెప్పుకునే ఆత్మగౌరవం అది కాదు. నేను ఎలాంటోణ్ణి, నాకంటూ ఇక్కడ విలువుందా, నన్ను నేను ఇష్టపడగలనా అని పిల్లలు లోపల వేసుకునే అంచనా అది. కాన్ఫిడెన్స్ అంటే ఇంకోటి, ఫలానా పని చేయగలను అనే నమ్మకం. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవాలని లేదు. కవిటి వైపు కొబ్బరిచెట్టు ఎక్కేసే పిల్లాడు, నాగావళిలో ఈతకొట్టే పిల్లాడు ఆ పనుల్లో పెద్దోళ్ళకి కూడా లొంగడు, కానీ క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడటానికి భయపడతాడు, లోపల "నేను దేనికీ పనికిరాను" అనుకుంటూ ఉంటాడు. చెట్టెక్కడం ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి తను కూడా తీసుకోడు.

ఇంకో భయం కూడా ఉంది, పిల్లల్ని మరీ నెత్తిన పెట్టుకుంటే పొగరెక్కుతుందని. ఈ భయంలో సగం నిజం ఉంది. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రమ్మెల్మన్ అనే పరిశోధకుడు, ఆయన టీమ్ 7 నుంచి 11 ఏళ్ళ పిల్లల్ని ఏడాదిన్నర పాటు గమనించి 2015లో చెప్పిందేమిటంటే, "మా వాడు అందరికంటే గొప్పోడు, మిగతా పిల్లలకంటే ఎక్కువ దక్కాలి" అని నమ్మే ఇళ్ళలో పిల్లలకి అహం పెరిగింది, ఆత్మగౌరవం పెరగలేదు. ఆత్మగౌరవం పెరిగింది ప్రేమగా దగ్గరికి తీసుకున్న ఇళ్ళలో. అంటే పొగరు, ఆత్మగౌరవం ఒకే చెట్టు కాయలు కావు. కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని రోజూ పది నిమిషాలు మాట్లాడితే పొగరెక్కదు, ఈ విషయంలో తండ్రులు అనవసరంగా భయపడి దూరంగా ఉండిపోతున్నారు.

లోపల లెక్క ఎలా పడుతుంది

నాలుగైదేళ్ళ పిల్లల్ని అడిగితే వాళ్ళకి అన్నీ వచ్చు. పరిగెత్తడం వచ్చు, బొమ్మలొచ్చు, ఇంగ్లీషొచ్చు. ఏడెనిమిదేళ్ళ దగ్గర ఇది మారుతుంది, ఇది సుసాన్ హార్టర్ అనే అమెరికన్ సైకాలజిస్టు చాలా ఏళ్ళు చేసిన పని. అప్పటిదాకా "నేను పరిగెత్తగలను" అన్న పిల్ల ఇప్పుడు "మా క్లాసులో అందరికంటే నేనే స్లో" అంటది. చదువు, ఆటలు, స్నేహాలు, అందం, నడవడిక అని విడివిడిగా అంచనాలు వేసుకోవడమే కాకుండా, అన్నీ కలిపి "మొత్తం మీద నేను మంచోణ్ణా, కాదా" అనే ఒక పెద్ద అంచనా కూడా ఈ వయసు నుంచే మొదలవుతుంది. మన లెక్కలో మూడో క్లాసు అన్నమాట. మూడో క్లాసులో ఉన్నట్టుండి నోరు మూసేసిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, అప్పుడు ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

ఈ లెక్క పడే మొదటి దారిని విలియం జేమ్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1890లోనే ఒక భిన్నంలా రాశాడు, పైన సాధించింది, కింద ఆశించింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలకి పదో క్లాసులో 600కి 450 వచ్చాయనుకోండి. ఒకళ్ళ ఇంట్లో మొదటిసారి ఎవరో పది పాసయ్యారు, వీధంతా స్వీట్లు పంచారు. ఇంకో ఇంట్లో పెదనాన్న కూతురికి 580, ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మార్కు ఒకటే, లోపల పడ్డ లెక్క వేరు. కింద అంకె పిల్లాడు రాసుకున్నది కాదు, పెద్దోళ్ళు రాసిచ్చింది, కాకపోతే కొన్నాళ్ళకి అది తన అంకే అనుకుంటాడు.

రెండో దారి మార్క్ లియరీ అనే సైకాలజిస్టు 1995లో చెప్పింది. ఆత్మగౌరవం బండి మీద పెట్రోల్ ముల్లు లాంటిదంటాడాయన, చుట్టూ ఉన్నోళ్ళు నన్ను కలుపుకుంటున్నారా, వదిలేస్తున్నారా అన్నది కొలిచే ముల్లు. ముల్లు పడిపోయిందంటే ట్యాంకులో తగ్గిందని. ఇది అర్థమైతే చాలా సంగతులు తేలిగ్గా తెలుస్తాయి. ముల్లుని వేలితో పైకి నెట్టితే బండి నడవదు, "నువ్వు సూపర్ రా" అనే మాట చేసేది అదే పని. పిల్లాణ్ణి ఆటలోకి ఎవరూ పిలవకపోతే, ఇంట్లో వాడు చెప్పేది ఎవరూ వినకపోతే, ముల్లు కింద ఉండటం వాడి లోపం కాదు, అది ఉన్నదున్నట్టు చూపిస్తోంది.

మూడోది మాట ఆకారం. మార్టిన్ సెలిగ్మన్ అనే సైకాలజిస్టు పని నుంచి తెలిసింది ఇది, దెబ్బ తగిలినప్పుడు దాన్ని మనిషి ఎలా వివరించుకుంటాడన్నది ముఖ్యం. "ఎప్పుడూ ఇంతే, అన్నిట్లోనూ ఇంతే, తప్పంతా నాదే" అనుకునేవాళ్ళు చేతులెత్తేస్తారు. పిల్లలకి ఈ వివరణ ఎక్కడిది? ఇంట్లో కోపంలో వచ్చే మాటలు ఒకసారి వినండి. "నీకెప్పుడూ ఇంతే." "ఏ పనీ సరిగ్గా చెయ్యవు." "నీ బుర్రే అంత." మూడు వాక్యాలు, మూడూ సరిగ్గా అదే ఆకారం. పిల్లలు తిట్టు మర్చిపోతారు, ఆకారం మాత్రం నేర్చేసుకుంటారు, తర్వాత తమని తాము అదే ఆకారంలో తిట్టుకుంటారు.

గుర్తు పట్టడం ఎందుకు కష్టం

మొదటి పేరు బుద్ధిమంతుడు. "మా గుంటడు బంగారం, నోరెత్తడు" అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళు ఎన్నో. నోరెత్తని పిల్లలందరికీ ఇబ్బంది ఉందని కాదు, కొందరు పుట్టుకతోనే నెమ్మదస్తులు, ఒంటరిగా కూడా హాయిగా ఉంటారు, అడిగితే ఏం కావాలో చెబుతారు. తేడా తెలిసేది ఏదైనా ఎంచుకోమన్నప్పుడు. బట్టల షాపులో ఏ రంగు కావాలంటే "మీ ఇష్టం", హోటల్లో ఏం తింటావంటే "ఏదైనా పర్లేదు", తన వాటా ఎవరైనా లాక్కున్నా కిమ్మనడు. కావాలని అడిగే హక్కు తనకి లేదనుకుంటున్నాడా అన్నది చూడాలి. అస్తమానూ సారీ చెప్పే పిల్లలు కూడా ఇందులోకే వస్తారు, తలుపు గాలికి కొట్టుకున్నా సారీ చెబుతారు.

రెండోది సిగ్గు. చుట్టాలొస్తే లోపలికి పోవడం మామూలు సిగ్గే, పది నిమిషాలకి బయటికొస్తారు. ఇది వేరే. తెలిసిన జవాబుకి కూడా చెయ్యెత్తరు. నోట్‌బుక్కులో రాసిందాన్ని చేత్తో కప్పుకుని రాస్తారు, రబ్బరుతో చెరిపి చెరిపి పేజీ చిరిగిపోతది, బొమ్మ సగంలో నలిపేస్తారు. కొత్త ఆట మొదలవ్వకుండానే "నాకు రాదు" అంటారు. ఓడిపోయాక అనడం వేరు, ముందే అనడం వేరు, ప్రయత్నించకపోతే ఓడిపోయినట్టు కాదు కదా అని లోపల ఒక లెక్క. స్లిప్ టెస్ట్ రోజు పొద్దున్నే కడుపునొప్పి రావడం కూడా అలాంటిదే, ఆ నొప్పి నిజమైన నొప్పే, నాటకం అనుకుని రెండు తగిలించి పంపిస్తే పిల్లాడికి కడుపునొప్పితో పాటు నన్ను నమ్మరు అన్నది కూడా తోడవుతది.

ఎక్కువ అన్యాయం జరిగేది మూడో పేరుకి. మొండోడు, పొగరుబోతు. ఓడిపోతే బ్యాట్ విసిరేస్తాడు, చిన్న మాటకి ఇంతెత్తున లేస్తాడు, మార్కులు దాచి అబద్ధం చెబుతాడు, తనకంటే చిన్నోళ్ళని ఏడిపిస్తాడు. క్లాసులో జోకరు వేషం వేసేవాళ్ళు కూడా చాలాసార్లు వీళ్ళే, అందరూ నవ్వేలోపు తన మీద తనే జోకేసుకుంటే దెబ్బ తక్కువ తగులుతుందని. ఇంకొందరు పెన్నులు, చాక్లెట్లు, ఇంట్లో డబ్బులు తీసుకెళ్ళి స్నేహితులకి ఇస్తుంటారు, దొంగతనం అని కొడతారు గానీ తను ఊరికే ఉంటే ఎవరూ స్నేహం చెయ్యరు అన్న నమ్మకంతో కొనుక్కుంటున్నాడని ఎవరూ అడగరు. నోరెత్తని పిల్లాడికి కనీసం దెబ్బలు తప్పుతాయి, వీడికి అదే బాధకి మందులాగ దెబ్బలే దొరుకుతాయి.

ఒక్క గుర్తు చూసి ఖాయం చేసుకోకూడదు. కొత్త స్కూలు, ఇంట్లో చావు, తమ్ముడు పుట్టడం, ఇలాంటప్పుడు ఏ పిల్లలైనా కొన్ని వారాలు డల్ అవుతారు. నెలల తరబడి ఉందా, ఇంట్లోనూ స్కూల్లోనూ ఆటల్లోనూ అన్నిచోట్లా ఉందా, ముందు ఇష్టంగా చేసే పనులు మానేస్తున్నాడా అన్నది చూడాలి. ఇంకో సంగతి, బోర్డు కనపడకపోవడం, చెవి సరిగ్గా వినపడకపోవడం, అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా, ఇవి ఉన్న పిల్లలు ఏళ్ళ తరబడి "మొద్దు" అనిపించుకుని నిజంగానే అలా నమ్మేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గవర్నమెంటు స్కూళ్ళకి వచ్చే టీములు చూపు, వినికిడి చూస్తాయి. చదువు నేర్చుకోవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల లిస్టులో చేర్చింది కూడా, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు టైం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. ఆత్మగౌరవం పాఠాలకంటే ముందు కళ్ళద్దాలు కావాల్సిన పిల్లలు చాలామంది ఉన్నారు.

యాస దగ్గర మొదలయ్యే సిగ్గు

శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి మాట దగ్గరే తగిలే దెబ్బ ఒకటి ఉంది. ఏటి, కూకో, ఒగ్గేయ్, నానొస్తాను. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట ఇది. సినిమాల్లో ఈ మాట పనోళ్ళకి, కామెడీ వేషాలకి ఇచ్చారు చాలాకాలం. ఆరో క్లాసుకో ఇంటర్‌కో వైజాగ్, విజయవాడ హాస్టల్లో జాయినైన పిల్లాడు మొదటిరోజు "ఏటి?" అన్నాడంటే గదంతా నవ్వు. నవ్వినోళ్ళు చెడ్డోళ్ళేమీ కాదు, సినిమాలో నవ్విన అలవాటుకే నవ్వారు. కానీ ఇక్కడ జరిగేది జాగ్రత్తగా చూడాలి. లెక్కల్లో తప్పొస్తే లెక్కే తప్పు. మాట తప్పంటే ఆ మాట నేర్పిన అమ్మ తప్పు, ఇల్లు తప్పు, ఊరు తప్పు. పిల్లాడు ఆ రోజు నుంచి మాట్లాడే ముందు ప్రతి మాటా లోపల ఒకసారి దిద్దుకుంటాడు, దిద్దుకునేలోపు క్లాసు ముందుకెళ్ళిపోతది, డౌట్ అడగడు, అర్థం కాదు, మార్కులు తగ్గుతాయి, తగ్గాక తెలివి లేదని తేలిపోతది. మొదలైంది తెలివి దగ్గర కాదు. ఫోన్లో అమ్మతో మాట్లాడేటప్పుడు బయటికెళ్ళి మెల్లగా మాట్లాడే పిల్లలుంటారు, పక్కోళ్ళకి యాస వినపడకుండా.

తల్లిదండ్రులే "మనలాగ మాట్లాడకు, నవ్వుతారు" అని చెప్పడం ప్రేమతోనే, కానీ పిల్లల చెవికి అది "మనం తక్కువ" అని వినిపిస్తది. బదులుగా చెప్పాల్సింది, ఇంటి మాట ఇంటికి, పుస్తకం మాట పరీక్షకి, రెండూ వచ్చినోడికి ఒకటి ఎక్కువొచ్చినట్టే అని. విచిత్రమేంటంటే పుస్తకాల తెలుగుని జనం మాట దగ్గరికి తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది ఈ జిల్లాలోనే, వంశధార పక్కన పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ప్రతి ఆగస్టు 29న స్కూళ్ళలో దండేస్తారు, ఆ దండేసిన పిల్లలకే మీ ఇంటి మాటలో ఒక కథ చెప్పండి అని ఒక్క అవకాశం ఇస్తే ఆ రోజుకి అర్థం ఉంటది.

కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లల సంగతి ఇంకా బరువు. ఇంట్లో సవర, ఊళ్ళో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. గిడుగు ఆ రోజుల్లోనే సవర నేర్చుకుని ఆ భాషలో పాఠాలు రాసి, బడులు పెట్టించాడు, 1931లో వ్యాకరణం కూడా అచ్చయింది. 2004 ప్రాంతంలో రాష్ట్రం సవర, కువి లాంటి భాషల్లో చిన్న క్లాసుల పుస్తకాలు తెచ్చింది. సవర ఊళ్ళున్న సీతంపేట 2022 జిల్లాల విభజన తర్వాత పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ పిల్లల ఇబ్బంది మారలేదు. తెలిసిన సంగతి తెలీని భాషలో అడిగితే ఏ పిల్లాడైనా తెలీనోడిలాగే కనిపిస్తాడు.

అమ్మానాన్నా దూరంగా ఉన్నప్పుడు

ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో పెరిగే పిల్లలు చాలామంది. తండ్రి గుజరాత్ వెరావల్‌లో బోటు మీద, లేకపోతే తల్లీతండ్రీ ఇద్దరూ హైదరాబాదులోనో చెన్నైలోనో భవనాల పనిలో. ఇందులో తల్లిదండ్రుల తప్పు వెతకడం అన్యాయం, ఇక్కడ పని ఉంటే ఎవరూ పిల్లల్ని వదిలి పోరు. కానీ చిన్నపిల్లల బుర్ర ఎలా పనిచేస్తదో తెలుసుకోవాలి, ఏ సంగతికైనా కారణం తెలీకపోతే తనే కారణం అనుకుంటారు. "నేను అల్లరి చేశానని వెళ్ళిపోయారు" అని. దానికి తోడు ముసలోళ్ళు తెలీక అనే ఒక మాట ఉంది, "అల్లరి చేస్తే మీ అమ్మ రాదు." ఈ ఒక్క మాట ఆపేస్తే చాలా మేలు. ఎందుకెళ్ళారు, ఎప్పుడొస్తారు, సంక్రాంతికా, జాతరకా, అది పిల్లల వయసుకి తగ్గట్టు తల్లిదండ్రులే చెప్పాలి, చెప్పిన రోజుకి రాలేకపోతే ముందుగా ఫోన్ చేసి చెప్పాలి.

రాత్రి ఫోన్ కూడా ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. "తిన్నావా, చదివావా, అమ్మమ్మ మాట వింటున్నావా." మూడు ప్రశ్నలు, మూడిటికీ "ఊఁ". ప్రేమ అందులో నిండా ఉంది, కానీ అది హాజరు పిలిచినట్టుంటది. "మన కుక్కపిల్ల ఇప్పుడెంతైంది, నాకు చూపించు" అన్నది అదే రెండు నిమిషాల్లో అయిపోతది, పిల్లాడు పది మాటలు మాట్లాడతాడు. ముల్లు కదిలేది అక్కడ.

హాస్టల్ పిల్లలకి ఇది ఇంకోలా ఉంటది, అక్కడ వంద మందిలో వార్డెన్‌కి తన పేరు తెలుసా లేదా అన్నదే పెద్ద సంగతి. పేరుతో పిలవడం ఖర్చు లేని పని.

చిన్న చెరువు, పెద్ద చేప

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో గానీ విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ రిజల్ట్స్ వచ్చిన వారంలో చూస్తే పిల్లల మొహాలతో ఫ్లెక్సీలు. అందులో లేని మొహాలు ఎన్నో లెక్కేస్తే ఆ ఫ్లెక్సీ ఎంతమంది పిల్లలకి ఏం చెబుతోందో తెలుస్తది. పోల్చుకుని తమని కొలుచుకోవడం మనుషులకి సహజం అని లియోన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు 1954లోనే చెప్పాడు, పోలికని ఆపలేం, ఎవరితో పోల్చుకోవాలన్నది మాత్రం పెద్దోళ్ళ చేతిలో కొంత ఉంటది.

హెర్బర్ట్ మార్ష్ అనే పరిశోధకుడు 1980ల్లో ఆస్ట్రేలియాలో చూపించిన సంగతి మన ఇంటర్ కాలేజీలకి అచ్చంగా సరిపోతది. అదే తెలివున్న పిల్లాడు మామూలు స్కూల్లో ఉంటే చదువులో తన గురించి బాగా అనుకుంటాడు, అందరూ టాపర్లే ఉన్న స్కూల్లో వేస్తే తక్కువ అనుకుంటాడు. చిన్న చెరువులో పెద్ద చేప, పెద్ద చెరువులో చిన్న చేప. రాజాం దగ్గర పల్లెలో పదో క్లాసు ఫస్ట్ వచ్చిన అమ్మాయి వైజాగ్ రెసిడెన్షియల్ కాలేజీలో మొదటి వీక్లీ టెస్టులో నూట ఎనభయ్యో ర్యాంకు చూసుకుని "నేను నిజంగా తెలివైనదాన్ని కాదు, ఊళ్ళోవాళ్ళు అనవసరంగా అన్నారు" అనుకుంటది. తెలివి వేసవి సెలవుల్లో ఎక్కడికీ పోలేదు, చెరువు మారింది. ఈ సంగతి పంపించే ముందే చెబితే, "మొదటి మూడు నెలలు ర్యాంకు పడుద్ది, అందరికీ పడుద్ది, అది నీ తెలివి కొలత కాదు" అని తండ్రి ఒక్కసారి నోటితో అంటే, ఆ అమ్మాయి ఆ నూట ఎనభైని వేరేగా చదువుకుంటది. మార్కులు చూసి ఏ, బీ, సీ సెక్షన్లు చేసి ప్రతి నెలా అటూ ఇటూ మార్చే పద్ధతి అయితే ఈ గాయాన్ని ప్రతి నెలా గీకడమే, దాన్ని సమర్థించడానికి సరైన కారణం కనపడదు.

నల్లగా ఉన్నావని, లావని, పొట్టని వచ్చే మాటలు కూడా ఈ లెక్కలోవే, ఆడపిల్లల్లో ఎక్కువ. పన్నెండు, పదమూడేళ్ళప్పుడు ఒంటి మీద తమకే అలవాటు లేని మార్పులొస్తుంటే పెళ్ళిళ్ళలో అత్తలు, పిన్నులు సరదాగా అనే మాటలు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. పక్కనున్న తల్లి "మా అమ్మాయి గురించి అలాగనకండి వదినా" అని అందరి ముందు అంటే చాలు, ఆ ఒక్క వాక్యం కూడా అలాగే ఉండిపోతది.

పొగడ్త ఎందుకు పనిచెయ్యదు

ఆత్మగౌరవం పెంచేస్తే అన్నీ బాగైపోతాయని ఒకప్పుడు అమెరికాలో పెద్ద నమ్మకం, కాలిఫోర్నియా 1986లో ఏకంగా గవర్నమెంటు కమిటీనే వేసింది. 2003లో రాయ్ బౌమైస్టర్ అనే సైకాలజిస్టు, ఇంకొందరు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, ఆత్మగౌరవం పెంచినంత మాత్రాన మార్కులు పెరగవు, బాగా చేయగలగడం వల్లే చాలావరకు ఆత్మగౌరవం వస్తదని తేల్చారు. అంటే ముందు పని రావాలి, పని వచ్చేలా నేర్పాలి.

1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో క్లాసు పిల్లలకి పజిల్స్ ఇచ్చి కొందరిని "నువ్వు చాలా తెలివైనదానివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిల్స్ ఇస్తే తెలివి అనిపించుకున్నవాళ్ళు తొందరగా డీలాపడ్డారు, ఆ తర్వాత మళ్ళీ తేలికవి ఇచ్చినా ముందుకంటే తక్కువ చేశారు. తమ స్కోరు వేరే పిల్లలకి రాసి చెప్పమంటే వాళ్ళలో మూడో వంతుకి పైగా ఎక్కువ చేసి రాశారు. మార్కులు దాచే మన పిల్లలు గుర్తొస్తారు ఇక్కడ. బ్రమ్మెల్మన్ టీమ్ 2014లో ఇంకో సంగతి చెప్పింది, ఆత్మగౌరవం తక్కువున్న పిల్లల్నే పెద్దోళ్ళు మరీ ఎక్కువగా పొగుడుతున్నారు, "అద్భుతమైన బొమ్మ" లాంటి పొగడ్త విన్న ఆ పిల్లలే తర్వాత కష్టమైన బొమ్మలు వెయ్యకుండా తప్పించుకున్నారు. ఇంకోసారి అద్భుతంగా రాకపోతే ఎలాగ అన్న భయం.

మెచ్చుకోవద్దని దీనర్థం కాదు. చూసింది చూసినట్టు చెప్పాలి. "పడవకి తెరచాప కూడా వేశావే, గాలి ఎటునుంచి వస్తోంది ఇందులో?" అంటే పిల్లాడికి రెండు తెలుస్తాయి, తన పని ఎవరో నిజంగా చూశారు, దాని గురించి తనకి తెలిసింది ఇంకొకరికి కావాలి. కష్టపడ్డావు అన్నది కూడా నిజంగా కష్టపడ్డప్పుడే అనాలి, ఓదార్పుకి అంటే "తెలివి లేదు కాబట్టి కష్టం గురించి చెబుతున్నారు" అని పిల్లలు పసిగడతారు.

ఇంట్లో, స్కూల్లో ఏం మారాలి

తిట్టు పూర్తిగా మానేయడం ఏ ఇంట్లోనూ జరగదు. ఆకారం మార్చడం జరుగుద్ది. "నీకెప్పుడూ ఇంతే" బదులు "ఈరోజు నీళ్ళు పట్టమంటే పట్టలేదు." "లెక్కలు నీకు రావు" బదులు "తీసివేతలో అప్పు తీసుకునే దగ్గర పొరపాటు పడుతున్నావు, రా చూద్దాం." ఈరోజు, ఈ పని, ఈ పద్ధతి. కోపంలో పాత మాటే వచ్చేస్తే సాయంత్రం వెళ్ళి "పొద్దున్న అలా అన్నాను, అది తప్పు" అని చెప్పొచ్చు. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే చులకనైపోతామని చాలామంది తండ్రుల భయం, నిజానికి తప్పు చేసినా మనిషి విలువ పోదని పిల్లలు నేర్చుకునేది అక్కడే.

పిల్లలకి నిజమైన పని ఇవ్వాలి. ఉత్తుత్తి పని కాదు, చెయ్యకపోతే ఇంట్లో ఎవరికో తెలిసే పని. దూడకి గడ్డి వెయ్యడం, జీడిపిక్కల సంచుల లెక్క రాయడం, తాత మాత్రలు టైముకి గుర్తు చెయ్యడం. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఇళ్ళలో పిల్లలు ఇప్పటికే వయసుకి మించి మోస్తుంటారు, వాళ్ళకి పని కాదు కావాల్సింది, మోస్తున్నావని గుర్తించే ఒక మాట, ఆడుకోవడానికి ఒక గంట.

ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్టు చెప్పినదాని ప్రకారం నమ్మకం రావడానికి అన్నిటికంటే బలమైనది చేసి గెలవడం, తర్వాతది తనలాంటోళ్ళు చేస్తుంటే చూడటం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరు పడ్డ ఊరు, అక్కడి పిల్లలకి బరువెత్తేవాళ్ళు టీవీలో కనపడరు, పక్కింట్లో కనపడతారు. ఆమదాలవలస పక్క నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయ్యింది. ఆ ఆటలో బరువు పెంచే తీరు చూస్తే చదువు చెప్పడం కూడా తెలుస్తది, ఎత్తగలిగిన దాని మీద ఇంకో రెండున్నర కిలోలు, అది కుదిరాక ఇంకో రెండున్నర. వెనకబడ్డ పిల్లాడికి వాడి క్లాసు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టడం అంటే మొదటిరోజే వంద కిలోలు పెట్టడం. రెండు క్లాసులు వెనక్కి వెళ్ళి వచ్చే దగ్గర మొదలుపెడితే రోజుకో చిన్న గెలుపు దొరుకుద్ది.

టీచర్ల చేతిలో ఉన్నది ఇంకా ఎక్కువ. పేపర్లు మార్కుల వరసలో పిలిచి ఇవ్వకుండా బల్ల మీద బోర్లించి ఇవ్వడం, ప్రశ్న అడిగాక పది సెకన్లు ఆగడం, తప్పు దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పి ఒప్పు అందరికీ వినపడేలా చెప్పడం. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. "మొద్దు" అని బెంచీ ఎక్కించడం ఆ సెక్షన్ కిందకే వస్తదని చాలా స్కూళ్ళలో గుర్తులేదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

ఇవన్నీ చేసినా కొన్ని నెలలకి కొంచెం కూడా తేడా లేకపోతే, నిద్ర, తిండి పాడైతే, స్కూలుకి వెళ్ళడం పూర్తిగా మానేస్తే ఆలస్యం చెయ్యకూడదు. "నేను లేకపోతే మీకే మంచిది", "బతకాలని లేదు" లాంటి మాటలు, ఒంటి మీద కోసుకున్న గీతలు కనపడితే అదే రోజు వెళ్ళాలి, పిల్లాణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఉన్నట్టుండి మారిపోయిన పిల్లల విషయంలో ఎవరైనా వేధిస్తున్నారా అన్నది కూడా మెల్లగా అడగాలి, 1098కి ఫోన్ చెయ్యొచ్చు. మానసిక ఇబ్బందులకి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. గవర్నమెంటు మెడికల్ కాలేజీ హాస్పిటళ్ళలో మానసిక వైద్య విభాగం ఉంటది.

వెళ్ళే దారిలో పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే, "నాకేమైనా పిచ్చా?" అని. దానికి బస్సెక్కే ముందే జవాబు ఇవ్వాలి, "నీకు చాలారోజుల నుంచి లోపల బాధగా ఉంది, అది ఎలా తగ్గించాలో మాకు తెలీట్లేదు, తెలిసినోళ్ళని అడగడానికి ఎల్తన్నాం, నాను నీ పక్కనే ఉంటాను" అని, ఇంటి మాటలోనే.